ఎవరికీ చుట్టం కాని పంది

సత్యవేడు ధనశేఖర్ పెంచిన మగపందిని తూకానికి ఎక్కిస్తే, రాళ్ళ లారీలు తూచే కాటా జానెడు లోతుకు కుంగిపోయింది. పంది దిగిపోయాక కూడా అది పైకి లేవలేదు. ఇప్పటికీ ఆ దారిన పోయే లారీ డ్రైవర్లు అక్కడికి రాగానే బండి నెమ్మది చేసి, హారన్ ఆపి, ఒక దండం పెట్టుకుని మరీ పోతారు.

సరే, దండం సంగతి నేను కలిపాను. కాటా కుంగిన మాట మాత్రం నిజమే, నేను వెళ్ళి చూశాను కూడా. అయితే దానికి ముందు వారమంతా తుఫాను వాన. కాటా కింద మట్టి సగం వాగులో కలిసింది. కుంగింది పంది వల్లనా, వాన వల్లనా అంటే తేల్చే దారి లేదు. ఆ మాటే ధనశేఖర్‌తో అంటే, తన ఇంటి గోడ మీద ఉమ్మేసినవాణ్ణి చూసినట్టు చూశాడు నన్ను.

"వాన ఊరంతా కురిసింది పెద్దాయనా. కుంగింది నా పోతు ఎక్కినప్పుడే గదా!" అన్నాడు.

ఈ మనిషి బుర్ర మొదటినుంచీ ఇంతే. యాభై దాటినా మారలేదు. కుర్రతనంలో బోరు బండికి ఏజెంటుగా తిరిగేవాడు. నీళ్ళు పడితే తన చెయ్యి మంచిదనేవాడు, పడకపోతే ఆ రైతు భూమి చెడ్డదనేవాడు. తర్వాత కౌజుపిట్టలు పెంచాడు. అవి చచ్చిపోతే పిట్టలకు బతికే తెలివి లేదన్నాడు. చివరికి, వాళ్ళ నాయన చేసిన పనే కదా అని పందుల్లోకి దిగాడు. దిగినవాడు ఊరుకోలేదు. చేతికి రాగి కడియం, కళ్ళకు నల్లద్దాలు తగిలించి, పందుల దొడ్డిని 'ఎస్టేటు' అనడం మొదలుపెట్టాడు.

ఆ ఎస్టేటులో పందులు బలిశాయంటే దానికి కారణం కళ్ళున్న వాళ్ళందరికీ కనిపిస్తుంది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల క్యాంటీన్లలో మిగిలినదంతా ట్రాలీ ఆటోలో అతని దొడ్డికే వస్తుంది. సాంబారన్నం, చపాతీలు, పెరుగన్నం, పండగ రోజుల్లో కేసరి. నెలరోజులు ఆ తిండి నాకు పెట్టి చూడండి, నేనూ ఆ కాటా ఎక్కి కుంగదీసి వస్తాను. కానీ ధనశేఖర్ ఆ గొప్పంతా తన మగపందికి కట్టబెట్టాడు. దాని పేరు జమీందారు. దొడ్డిలో పిల్లలన్నీ దానివే. దాని వంశం హాలెండు నుంచి వచ్చిందట. హాలెండు ఎటువైపు అని అడిగితే తూర్పుకు చెయ్యి చూపించాడు. మా తూర్పున తడ అనే ఊరు ఉంది. తడ దాటితే ఉప్పునీళ్ళు.

దొడ్డి గేటుకు ఒక బోర్డు కూడా కొట్టించాడు: 'బయటి పోతులకు ప్రవేశం లేదు.' మా వైపు పోతు అంటే మగపందే. పందులకు చదువు రాదని అతనికి ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. నాగలాపురం నుంచి నగరి దాకా పందులు పెంచేవాళ్ళలో అందరికీ మంచి పోతులు ఉండవు. ఆడపంది ఎదకు వస్తే, మంచి పోతు ఎవరి దగ్గరుంటే వాళ్ళ దొడ్డికి తోలుకుపోతారు. దానికి బదులుగా, ఈనిన పిల్లల్లో ఒకటి పోతు యజమానికి చెందుతుంది. దాన్ని 'పోతు పిల్ల' అంటారు. దాన్ని ఏరుకునేది కూడా ఆయనే. ఆడపంది గలవాళ్ళ దొడ్డికి వచ్చి, పిల్లల మధ్య నిలబడి వేలు చూపిస్తాడు. ఏ పిల్లకు చూపిస్తే అది ఇవ్వాల్సిందే. నోరెత్తకూడదు. అలా పిల్లలు ఈ దొడ్డి నుంచి ఆ దొడ్డికి మారుతూ, మా సరిహద్దు ఊళ్ళ పందులన్నీ ఒకదానికొకటి అన్నదమ్ములో, మేనత్త మేనమామ బిడ్డలో అయిపోయాయి. ధనశేఖర్ మాత్రం తన పోతును ఎవరికీ ఇవ్వడు, ఎవరి పోతునూ రానివ్వడు. ఊరంతటికీ చెప్పుకున్న మాట అది.

ఇలా ఉండగా తిరుపతి నుంచి అమల అనే పశువుల డాక్టరమ్మ రావడం మొదలుపెట్టింది. రబ్బరు బూట్లు వేసుకుని దొడ్డి దొడ్డికీ తిరిగి, ఏడాదిగా పిల్లల బరువు తూస్తోంది. అన్ని మందల్లోకీ మేలైన పోతును ఒకదాన్ని ఎంచి, దాని వీర్యాన్ని జిల్లా అంతా పంచుతారట.

ఎంపిక ఇంకా జరగనే లేదు. ధనశేఖర్ బస్టాండు కూడలిలో ఫ్లెక్సీ కట్టించేశాడు. నాయకుల ఫ్లెక్సీల కంటే మూరెడు ఎత్తు. మధ్యలో పూలదండతో జమీందారు, పక్కన నల్లద్దాలతో ధనశేఖర్. ఇద్దరిలో పందే కాస్త బిడియంగా ఉంది. 'జిల్లా ఉత్తమ పోతు జమీందారు యజమాని, పశుపోషక రత్న ధనశేఖర్ గారికి శుభాకాంక్షలు. ఇట్లు, అభిమానులు.' అభిమానులు అంటే అతని బావమరిది యోగానంద ఒక్కడే. కింద మూలన చిన్న గుండ్రంలో ఉన్నాడు. సూళ్ళూరుపేట నుంచి అత్తగారివైపు వాళ్ళు పనిగట్టుకుని వచ్చి దాని కింద ఫొటోలు దిగి పోయారు. ఇక జమీందారు ఎంపిక కాకపోతే ధనశేఖర్ ఆ బస్టాండులో బస్సు దిగలేడు.

డాక్టరమ్మ అతని దొడ్డికి చివరిసారి వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఇలాంటివి నేను వదులుకోను.

"మీ పిల్లల బరువు చాలా బాగుందండీ. కానీ మీ మందను ఎంపికలో కలపలేను," అంది ఆమె.

"బరువుండాది అంటావు, కలపనంటావు. ఏందమ్మా ఇది?"

"ఆ బరువు మీ పోతు ఇచ్చిందా, మీ సాంబారు ఇచ్చిందా? నాకెట్లా తెలుస్తుంది?"

"సాంబారు తిని బలిసేదానికి అదేమన్నా మామూలు పందా? జమీందారమ్మా!"

ఆమె ఓపికగా చెప్పింది. నాకు చప్పున అర్థమయ్యింది, ఎందుకంటే నేను చదివిన కాన్వెంటులో సిస్టర్లు మార్కులు వెయ్యడంలో మహా పిసినారులు. వీధి చివర ఇంకో బడి ఉండేది, అక్కడ పేరు రాస్తే సగం మార్కులు. వాళ్ళ ఫస్టు గొప్పా, మా ఫస్టు గొప్పా అని ఊళ్ళో రోజూ తగువే. చివరికి మా బడిలో అత్తెసరుగా గట్టెక్కే కుర్రాడు ఒకడు సిస్టర్ల దెబ్బలు తాళలేక ఆ బడికి పారిపోయాడు. పోయాక రాసిన మొదటి పరీక్షలోనే క్లాసు ఫస్టు. అప్పుడు తెలిసింది ఏ బడి మార్కు ఎంత చేస్తుందో. రెండు బళ్ళలోనూ కూర్చున్నవాడు ఒకడుంటే తప్ప రెండు బళ్ళ మార్కులను పోల్చలేం. పందులకూ అంతే. ఒకే పోతు పిల్లలో, దాని తోబుట్టువుల పిల్లలో రెండు దొడ్లలోనూ పెరిగితే, ఏది రక్తం వల్ల వచ్చిన బరువో, ఏది కుడితి వల్ల వచ్చిన బరువో విడదీయవచ్చు.

"మిగతా మందలన్నింటికీ చుట్టరికాలు ఉన్నాయి. మీ జమీందారుకే ఎవరూ లేరు," అంది అమల.

"అదే గదమ్మా వాడి గొప్ప!"

"గొప్పేనండీ. చుట్టమే లేనివాణ్ణి ఎవరితో పోల్చేది? ఇప్పుడు వేరే పోతుతో కట్టించి, ఆ పిల్లలు పెరిగేదాకా ఆగాలంటే ఏడాది పడుతుంది. ఎంపిక ఈ నెలాఖరుకే. ఇంతకుముందు ఎప్పుడైనా బయటి మందతో సంబంధం ఉండి ఉంటే చెప్పండి, చెవి ముక్క తీసి పరీక్ష చేయిస్తాను. అది అబద్ధం చెప్పదు."

ధనశేఖర్ గబుక్కున జమీందారు చెవి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఏమీ దాచుకోనివాడు పంది చెవి ఎందుకు మూస్తాడు?

మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. నల్లద్దాలు లేవు.

"పెద్దాయనా, నాతో నగిరి దాకా రావల్ల. మా వదినతో ఒక మాట సెప్పాల. నువ్వు ఇంగిలీసు సదువుకున్నోడివి, నీ మాటంటే ఆమెకు గురి."

వదినంటే అతని చచ్చిపోయిన అన్న పెళ్ళాం, మునిరత్నమ్మ. నగరి అవతల దొడ్డి పెట్టుకుని, తవుడూ, నేతవాళ్ళ ఇళ్ళలో మిగిలిన గంజీ పోసి పందులు పెంచుతుంది. వీళ్ళిద్దరికీ మాటలు లేవు. ఎందుకంటే, ధనశేఖర్ గృహప్రవేశానికి వచ్చిన మునిరత్నమ్మ అతని దొడ్డిలోకి తొంగి చూసి, అత్తగారివైపు వాళ్ళందరి ఎదురుగా "ఇవి పందులా, మేకపిల్లలా శేఖరా?" అంది. అంతే. అప్పట్లో క్యాంటీన్ సాంబారు ఇంకా మొదలవలేదు. ఇక వదిన ఇంట్లో గొంతు కూడా తడుపుకోనని ధనశేఖర్ అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు. వాళ్ళలో సంబంధాలు తెగాయంటే ఆ ఇంటి నీళ్ళు తాగరు, ఆ ఇంటి పోతును అడగరు.

ట్రాలీ ఆటోలో నాగలాపురం దాటి పిచ్చాటూరు వచ్చేదాకా నసిగి నసిగి అసలు సంగతి కక్కాడు. ఇప్పటి జమీందారు పుట్టకముందు, దొడ్డిలో ఉన్న పాత పోతుకు కాలు విరిగింది. సరిగ్గా అప్పుడే మంచి ఆడపంది ఎదకు వచ్చింది. దగ్గరి ఊళ్ళో ఎవరి పోతును అడిగినా అతని గేటు మీది బోర్డు గుర్తుచేసి నవ్వుతారు. అందుకని, తెల్లారకముందే ఆ ఆడపందిని నగరికి తోలుకుపోయి వదిన పోతుకు చూపించాడు.

"మాటల్లేని వదిన దగ్గరికే ఎందుకు పోయినావు?" అన్నాను.

"మాట్లాడని మనిషి ఎవురికీ సెప్పదు గదా!"

ఇలాంటి బుర్రలు పుట్టిన చోట జమీందారు పుట్టడంలో వింత లేదు. ఇప్పుడు నేను వదినతో చెప్పాల్సింది ఏమిటో కూడా విన్నాను. ఆ చుట్టరికం ఆమె డాక్టరమ్మ ముందు ఒప్పుకోవాలి, కానీ తిరగేసి. అంటే, ఆమె ఆడపందే సత్యవేడుకు వచ్చి ఇతని పోతును అడుక్కున్నట్టు చెప్పాలి. అప్పుడు ఎంపికలో చోటూ దొరుకుతుంది, హాలెండూ దక్కుతుంది. ఆమె ఒప్పుకుంటుందన్న ధీమాతో డాక్టరమ్మను కూడా అక్కడికే రమ్మని ఫోన్ చేసేశాడు. ఈ మనిషి ఫ్లెక్సీ ఎప్పుడూ ముందే కడతాడు.

మేము దిగేసరికి మునిరత్నమ్మ తొట్టిలో తవుడు కలుపుతోంది. అమల అప్పటికే వచ్చి రాతి గట్టు మీద కూర్చుంది.

"ఎవురొచ్చినారో సూడు గ్రేసీ, హాలెండు దొర!" అని లోపలున్న కూతురికి కేక వేసింది మునిరత్నమ్మ. "నీ ఫ్లెక్సీ మా గ్రేసీ ఫోన్లో సూపించింది శేఖరా. పంది మాత్రం బాగా పడినాది."

"వదినా, ఒక సిన్న మాట..."

"ముందు నీళ్ళు తాగు. మాట తర్వాత."

గ్రేసీ చెంబు తెచ్చి అతని ముందు పెట్టింది. ధనశేఖర్ వెనక్కి చూశాడు, రోడ్డు వైపు చూశాడు. సూళ్ళూరుపేట వాళ్ళెవరూ లేరు. చెంబు ఎత్తి, పెదవులకు తగలకుండా నోట్లో పోసుకోబోయాడు. ఎత్తి తాగితే ఒట్టు తెగదని అతని లెక్క కాబోలు.

"కరిసి తాగు," అంది మునిరత్నమ్మ.

చెంబు అంచు పెదవులకు ఆనించి కరిచే తాగాడు. చెంబు ఖాళీ చేసి, ఇంకొకటి కూడా అడిగాడు. ఒట్టు ఎలాగూ పోయింది, దాహమైనా తీరనీ అనుకున్నాడేమో.

నేను నోరు తెరవబోతే మునిరత్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు పెద్దోడివి, అబద్ధం సెప్పి నోరు సెడగొట్టుకోవద్దు. నేనే సెప్తా డాక్టరమ్మా. ఒక పొద్దు, ఇంకా ఎలుతురు రాలా, ఆటో వచ్చి నిలబడింది. లోపల పంది, పందికి చీర కప్పినాడు. ఎవురైనా అడిగితే పెండ్లికూతురని సెప్పేవాడేమో, నాకు తెలీదు. ఎద ఆగదు గదా, పాపం అని మా పోతుతో కట్టించినా. ఈనినాక నాకు పోతు పిల్ల రావల్ల. నేను పోయి వేలు చూపించల్ల. కానీ నేను ఆయన గేట్లో అడుగు పెడితే నలుగురూ సూస్తారని, తానే ఏరి తెస్తానన్నాడు. ఏరినాడు! అన్నింటికన్నా కడగొట్టుది. పాలందక తోక గూడా ఎత్తలేని పిల్ల. సంచిలో ఏసుకొచ్చి, 'మేలైనదాన్ని ఏరి తెచ్చినా వదినా' అన్నాడు."

"అప్పుడది బాగానే ఉండె," అన్నాడు ధనశేఖర్.

"బలిసినదాన్ని మాత్రం అట్టిపెట్టుకుని జమీందారని పేరు పెట్టినాడు. అదే సంగతి. జమీందారు మా కడగొట్టోడికి సొంత అన్న."

ఆమె గొంతు విని దొడ్డి మూల నుంచి ఆ కడగొట్టు పోతు వచ్చింది. పొడుగ్గా, ఎండిన ఒంటితో, పని తొందరలో ఉన్న గుమాస్తాలా ఉంది. మా వైపు చూడను కూడా లేదు. నగరి నుంచి పుత్తూరు దాకా ఇప్పుడు మందలన్నింట్లో పుట్టే పిల్లలు దానివే.

"అట్లా గాదు డాక్టరమ్మా, మా వదినకు వయసు పైబడినాది. జరిగిందేమంటే, వాళ్ళ ఆడపందే మా ఇంటికి..."

"ఏది ఎటు వచ్చిందో నాకు అక్కర్లేదండీ," అంది అమల. "రెండింటి చెవి ముక్కా తీస్తాను. ఒప్పుకుంటే జమీందారు ఎంపికలోకి వస్తాడు. లేదంటే ఇంతటితో వదిలేద్దాం."

చెవి ఇస్తే హాలెండు పోతుంది. ఇవ్వకపోతే ఫ్లెక్సీ పోతుంది. ధనశేఖర్ ఈ రెండింటి మధ్య నిలబడి చెమట తుడుచుకున్నాడు. ఆ ముఖంలో ఆలోచన కదలడం నేను మొదటిసారి చూశాను. బురదలోంచి బండి లాగుతున్నట్టు ఉంది. చివరికి ఫ్లెక్సీయే గెలిచింది.

"తియ్యమ్మా," అన్నాడు. "మా వదిన పెద్దది, అబద్ధం సెప్పదు." వెంటనే ఆమె వైపు తిరిగి, "కావల్లంటే ఇప్పుడొచ్చి మంచి పిల్లను ఏరుకో వదినా, పాత లెక్క సరిపోతుంది," అని ఉదారంగా చెయ్యి చాపాడు.

"వద్దులే శేఖరా. నేను వేలు సూపించినా ఇంత మంచిదాన్ని ఏరేదాన్ని గాదు," అంది మునిరత్నమ్మ.

పరీక్షలో తేలింది, ఇద్దరికీ తల్లీ తండ్రీ ఒకటే. ఆ ముడి పడేసరికి ధనశేఖర్ మంద మిగతా మందలతో కలిసింది. కలవడంతోనే సాంబారు వేరు, రక్తం వేరు అయిపోయాయి. తవుడూ గంజీ తాగి పెరిగినా కడగొట్టుకు పుట్టిన పిల్లలు ఆ తిండికి పెరగాల్సిన దానికంటే ఎక్కువే పెరిగాయి. జమీందారు పిల్లలు అంత సాంబారు తాగి, దానికి తగినంత కూడా పెరగలేదు. ఎంపికైంది కడగొట్టు. జమీందారు పేరు ఎక్కడో అడుగున ఉంది. అమల మంచి పిల్ల, నొప్పించకుండానే చెప్పింది: "మీ క్యాంటీన్ మాత్రం చాలా మేలైనదండీ."

మునిరత్నమ్మకు కబురు చెబితే, "అయితే వీడికింక తీరిక దొరకదు," అని తవుడు కలుపుకోవడానికి పోయింది.

ఇక ఫ్లెక్సీ దిగుతుందనుకున్నాను. అది దిగుతుంటే చూద్దామని నేను రెండు రోజులు బస్టాండు చుట్టూ తిరిగాను కూడా. దిగలేదు. పైన ఒక కొత్త పట్టీ అతికించారు, అంతే. ఇప్పుడది ఇలా ఉంది: 'జిల్లా ఉత్తమ పోతు శ్రీ కడగొట్టు గారి సొంత అన్న జమీందారు యజమాని, పశుపోషక రత్న ధనశేఖర్ గారికి శుభాకాంక్షలు.' ఎవరికీ చుట్టం కాదని ఊరంతా చాటినవాడే ఇప్పుడు చుట్టరికం కూడలిలో వేలాడదీశాడు. గేటు బోర్డు కూడా పీకేశాడు. కింద మూలన యోగానంద పక్కన ఇంకో చిన్న గుండ్రం వచ్చింది. అందులో మునిరత్నమ్మ ఉంది, ఆమెను అడక్కుండానే.

ఇదంతా రాసి, ఆ ఫ్లెక్సీ నీడలోనే ఉన్న టీ బంకు దగ్గర ధనశేఖర్‌కు చదివి వినిపించాను. టీ చల్లారిపోయేదాకా విన్నాడు. నల్లద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అంతా అబద్ధం," అన్నాడు. "నేను నగిరికి పోలా. పందికి చీర కప్పలా. ఆ చెంబు ముట్టలా, కరిసి తాగలా. మా వదిన నన్ను ఒక్క మాట గూడా అనలా. సంచీ లేదు, కడగొట్టూ లేదు. నువ్వు సెప్పే ఆ కాటా ఉండాది సూడు, అది గూడా కుంగలా."